కరెంటు పెట్టిన కార్డు ఏదీ?

ఇప్పటి ఆస్పత్రి ఫైళ్ళు చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. నిగనిగలాడే అట్ట, దాని మీద నవ్వుతున్న డాక్టరమ్మ ఫొటో, లోపల దస్తాడు కాగితాలు. పైసలతో సహా బిల్లు ఉంటుంది. ఇన్సూరెన్సు వాళ్ళ ఉత్తరం ఉంటుంది. ఏ పూట ఇడ్లీ పెట్టారో, ఏ పూట జావ పోశారో కూడా ఉంటుంది. ఈ మనిషి తలకి చిన్నప్పుడు ఎంత రేడియేషన్ ఇచ్చారు, ఏ వైపు నుంచి ఇచ్చారు అన్న ముక్క మాత్రం ఎక్కడా ఉండదు. పేషెంటుని అడిగితే, "చిన్నప్పుడు బ్లడ్ క్యాన్సరు వచ్చిందంటండీ, తలకి కరెంటు పెట్టించారంట" అంటారు. డాక్టరు గారు దాన్ని 'గతంలో రేడియేషన్, వివరాలు లేవు' అని రాసుకుని తరవాతి పేషెంటుని పిలుస్తారు. వివరాలు లేకపోవడమేమిటి? ఉండేవి. నేనే రాసేవాణ్ణి.

సర్కారు ఆస్పత్రిలో రేడియేషన్ ఇచ్చే కోబాల్ట్ మిషను నడిపి రిటైరైన టెక్నీషియన్ని నేను. మా రోజుల్లో ప్రతి పేషెంటుకీ ఒక అట్ట కార్డు ఉండేది. పేరు, వయసు, ఊరు, జబ్బు. పక్కనే తల బొమ్మ, దాని మీద ఎర్ర పెన్సిలుతో గీసిన ఫీల్డు, అంటే కిరణాలు పడే చోటు. దాని పొడుగు ఎన్ని సెంటీమీటర్లు, వెడల్పు ఎన్ని, రోజుకి ఎంత డోసు, నిన్నటిదాకా ఎంత అయింది, ఇంకా ఎంత మిగిలింది, ఏ రోజు మిషను పాడై సెలవు ఇచ్చాం, అన్నీ వరసగా ఉండి కింద సంతకం ఉండేది. సంతకం లేకపోతే మా ఫిజిసిస్టు గారు అగ్గిమీద గుగ్గిలం అయ్యేవారు. డోసులన్నీ రాడ్లలో రాసేవాళ్ళం. ఈ మధ్య ఎవరింట్లోనో ట్రంకు పెట్టె అడుగున అలాంటి కార్డు ఒకటి దొరికితే, దాని మీద 2400 అని చూసి ఒక కుర్ర డాక్టరు అదిరిపోయాడట. బాబూ, వంద రాడ్లు ఒక గ్రే. అది 24 గ్రేలు. భాగహారం చేసుకోవాలి కదా!

సరే, మా రోజుల్ని మరీ ఎత్తుకోను. ఆ కార్డులన్నీ తరవాత ఒక గదిలో పడేశారు. గది కప్పు కారింది, చెదలు పట్టింది, చివరికి కొత్త బ్లాకు కడతామని గదినే కూలగొట్టారు. రాయడం మీద మాకున్న శ్రద్ధ దాచడం మీద ఎవరికీ లేదు. ఇప్పుడు దాచడానికి కంప్యూటర్లున్నాయి, ఆస్పత్రి సాఫ్ట్‌వేరు మారిన ప్రతిసారీ పాతదంతా గల్లంతవుతోంది. చెదలే నయం, కొంచెం కొంచెంగా తినేవి.

ఇంత గొడవ ఒక పాత కాగితం కోసం ఎందుకంటే, ఆ కరెంటు పని పేషెంటు ఇంటికెళ్ళాక కూడా అయిపోదు. ఇరవై ముప్ఫై ఏళ్ళ తరవాత అదే తలలో, సరిగ్గా మేం గీసిన గీత లోపల, కొత్త గడ్డ పుట్టొచ్చు. అందరికీ పుట్టదు, కొందరికే. ఎక్కువగా పుట్టేదాని పేరు మెనింజియోమా. అది మెదడులోంచి వచ్చేది కాదు, మెదడు మీద కప్పి ఉండే పొరలోంచి వచ్చేది. కొబ్బరికాయ కొట్టినప్పుడు చిప్పకీ తెల్లని కొబ్బరికీ మధ్య గోధుమరంగు పొర కనపడుతుంది కదా, అలాంటి చోట మొదలై లోపలికి నొక్కుతుంది. కొందరికి గ్లయోమాలు కూడా వస్తాయి. అవి మెదడు కణజాలంలోనే పుట్టే మొండి గడ్డలు, సాధారణంగా ఇంకా ముందే బయటపడతాయి, వాటి కథ వేరు. నా దగ్గరికి కాగితాలు పట్టుకుని వచ్చేవాళ్ళలో ఎక్కువమందిది మెనింజియోమాయే కాబట్టి దాని సంగతే చెబుతాను.

అసలు పసిపిల్లల తలకి కరెంటు ఎందుకు పెట్టామని ఇప్పటివాళ్ళు నన్ను నిలదీస్తారు. ఫోన్‌లో రెండు వీడియోలు చూసి వచ్చి అడుగుతారు. బాబూ, 1960లకు ముందు పిల్లలకి లుకేమియా, అదే బ్లడ్ క్యాన్సరు, వస్తే ఇంట్లోవాళ్ళు ఇక ఆశ వదులుకోవడమే. మందులు ఇస్తే రక్తంలో జబ్బు తగ్గేది, కొన్నాళ్ళకి తలనొప్పి, వాంతులతో మళ్ళీ వచ్చేది. మందులు మెదడులోకి సరిగా వెళ్ళవు, జబ్బు కణాలు అక్కడ దాక్కునేవి. అమెరికాలో మెంఫిస్ ఊళ్ళో సెయింట్ జూడ్ ఆస్పత్రిలో డొనాల్డ్ పింకెల్ అనే డాక్టరు 1967లో ఒక పద్ధతి మొదలుపెట్టాడు. జబ్బు తలలోకి రాకముందే తలకి 24 గ్రేల రేడియేషన్, వెన్నులో మందు సూది. దాంతో సుమారు సగం మంది పిల్లలు బతికి బట్టకట్టారు. నూటికి పదిమంది కూడా మిగలని జబ్బులో సగం మంది! ప్రపంచమంతా ఆ దారే పట్టింది. మన దేశంలో 1980ల నడుమ పెద్ద క్యాన్సరు ఆస్పత్రులు వాడిన ఎంసీపీ-841 అనే పద్ధతిలోనూ తలకి రేడియేషన్ ఉండేది.

ఆ పిల్లల్ని బల్ల మీద పడుకోబెట్టింది నేను. తల కదలకుండా రెండు పక్కలా ఇసుక సంచులు, నుదుటి మీద పట్టీ, కళ్ళకి అడ్డంగా సీసం దిమ్మలు. ముందు కుడివైపు నుంచి, తరవాత ఎడమవైపు నుంచి. తలుపు మూశాక లోపల ఎవరూ ఉండకూడదు, తల్లి కూడా. బయట సీసం అద్దంలోంచి చూస్తూ, "కదలకు బంగారం, ఎక్కాలు చెప్పు" అనేవాణ్ణి. కొత్త సోర్సు వేసిన రోజుల్లో రెండో ఎక్కం పూర్తయ్యేసరికి ఒక పక్క అయిపోయేది. కోబాల్ట్ నెలకి సుమారు ఒక శాతం చొప్పున బలం తగ్గుతుంది, అయిదేళ్ళు దాటాక సగమవుతుంది. అందుకని ప్రతి నెలా టైము పట్టిక మళ్ళీ లెక్కకట్టేవాళ్ళం. సోర్సు ముసలిదైపోతే పిల్లవాడు నాలుగో ఎక్కంలోకి వెళ్ళిపోయేవాడు. నాలుగో ఎక్కం రాని పిల్లలతోనే వచ్చేది చిక్కు.

ఆ పిల్లల్లో కొందరు పెళ్ళిళ్ళు చేసుకుని శుభలేఖలు పంపారు. అందుకని ఎవరైనా వచ్చి "మీరు రేడియేషన్ ఇచ్చి పాడుచేశారు" అంటే నేను ఊరుకోను. కాకపోతే పింకెల్ గారి తరవాత వచ్చినవాళ్ళు ఊరికే కూర్చోలేదు. 24ని 18 చేశారు, 18ని 12 చేశారు, చివరికి మందుల పట్టు పెరిగాక చాలామంది పిల్లలకి తలకి రేడియేషనే అక్కర్లేదన్నారు. ఆ సెయింట్ జూడ్ వాళ్ళే అసలు రేడియేషన్ లేకుండా పిల్లల్ని నయం చేసి, 2009లో ఫలితాలు అచ్చువేశారు. మొదలుపెట్టిన ఇల్లే ఆపి చూపించింది. ఆ విషయంలో ఈ కాలంవాళ్ళకి నా దండం.

నాకు అసలు మండేది ఇంకొక కథ మీద. అందులో క్యాన్సరు లేదు, ప్రాణం మీదికి వచ్చిన జబ్బూ లేదు. తలలో తామర, అంతే. పిల్లల నెత్తి మీద గుండ్రంగా జుట్టు ఊడి, పొట్టు రాలి, దురద పెట్టే మచ్చ. ఐరోపాలో 1900ల మొదట్లోనే దానికి ఎక్స్‌రే వైద్యం కనిపెట్టారు. కిరణాలతో తామర చావదు. జుట్టు మొత్తం ఊడిపోతుంది, జుట్టుతో పాటు అందులో పట్టిన బూజూ పోతుంది. కీన్‌బాక్, ఆడమ్‌సన్ అనే ఇద్దరు వైద్యులు తలని అయిదు భాగాలుగా చూసుకుని ఏ భాగానికి ఎలా ఇవ్వాలో లెక్కలు కట్టారు. చాలా దేశాల్లో అదే పద్ధతి. ఇజ్రాయెల్ ఏర్పడ్డాక 1948 నుంచి 1960 దాకా అక్కడికి వలస వచ్చిన పిల్లలకి, ముఖ్యంగా ఉత్తర ఆఫ్రికా నుంచి, పశ్చిమాసియా నుంచి వచ్చిన కుటుంబాల పిల్లలకి, ఈ వైద్యం వేల సంఖ్యలో జరిగింది. మెదడుకి సగటున చేరింది ఒకటిన్నర గ్రే. మా లుకేమియా పిల్లలకి ఇచ్చినదానిలో పదహారో వంతు. ఆ రోజుల్లో అదొక డోసని ఎవడూ అనుకోలేదు.

బరూచ్ మోదాన్ అనే ఇజ్రాయెల్ డాక్టరు ఆ పిల్లల జాబితాలు వెతికి పట్టుకున్నాడు. పదివేల ఎనిమిది వందల పైచిలుకు పిల్లలు. వాళ్ళ పక్కన రేడియేషన్ తగలని అంతమంది పిల్లల్నీ, వాళ్ళ సొంత అన్నదమ్ముల్నీ అక్కచెల్లెళ్ళనీ పెట్టి పోల్చి చూశాడు. 1974లో మొదటి లెక్క వచ్చింది. 1988లో ఎలెయిన్ రాన్, మోదాన్ వగైరాలు కలిసి మరింత వివరంగా అచ్చువేశారు. రేడియేషన్ తగిలినవాళ్ళకి మెనింజియోమా వచ్చే అవకాశం మిగతావాళ్ళకన్నా తొమ్మిదిన్నర రెట్లు. ఆ తరవాత సీగల్ సదెట్స్కీ ఆ మనుషులనే దశాబ్దాలపాటు వెంట ఉండి చూసింది. గడ్డ బయటపడటానికి పట్టిన సగటు కాలం ముప్ఫై ఆరేళ్ళ చిల్లర. నలభై ఏళ్ళు దాటినా ఆ ప్రమాదం పోలేదు. 1994లో అక్కడి పార్లమెంటు ఆ పిల్లలకి, అప్పటికే తాతలైపోయినవాళ్ళకి, నష్టపరిహారం ఇవ్వాలని చట్టం చేసింది. న్యూయార్కులోనూ ఇలాంటి పిల్లల్ని రెండు వేలమందికి పైగా వెంటాడి చూశారు, అక్కడా మెదడు గడ్డలు ఎక్కువగానే కనపడ్డాయి.

1950ల చివర గ్రీసియోఫుల్విన్ అనే మాత్ర వచ్చింది. తామరకి మింగే మాత్ర. దానితో ఆ ఎక్స్‌రే వైద్యం మూలబడింది. మన పల్లెల్లో అప్పుడు ఏం చేసేవారు? సీమ అవిసె ఆకు నూరి రుద్దేవారు, గుండు గీయించేవారు, స్కూల్లో వెనక బెంచీలో కూర్చోబెట్టేవారు. ఎక్స్‌రే మిషను జిల్లా కేంద్రంలో ఉంటే అదృష్టం. లేమి మనకి చేసిన మేలు ఏదైనా ఉందా అని ఎవరైనా అడిగితే నేను ఇదొక్కటే చూపిస్తాను.

ఇక్కడ గమనించాల్సిన సంగతి ఒకటుంది. ఈ మోదాన్ లెక్కకి ఆధారం ఏమిటి? కాగితం. ఫలానా పిల్లవాడికి, ఫలానా ఏడు, ఫలానా చోట వైద్యం జరిగిందన్న చీటీలు ఉండబట్టే కదా ఇది బయటికొచ్చింది. చీటీలు లేకపోతే ఎవరికి వారు 'నా తలరాత' అనుకుని పోయేవాళ్ళు. చట్టమూ లేదు, పరిహారమూ లేదు.

ఈ రేడియేషన్ మెనింజియోమాలు మామూలుగా పెద్దవయసులో వచ్చే మెనింజియోమాల లాంటివి కావు. మామూలువి అరవై దాటిన ఆడవాళ్ళలో ఎక్కువ, ఒంటరిగా ఉంటాయి, చాలామటుకు కదలకుండా కూర్చుంటాయి. రేడియేషన్ తెచ్చినవి ఇంకా చిన్న వయసులోనే కనపడతాయి, కొన్నిసార్లు ఒకటికి మించి ఉంటాయి, సగటున తొందరగా పెరుగుతాయి, తీసేశాక మళ్ళీ రావడమూ ఎక్కువే. మైక్రోస్కోపు కింద పెడితే ఎక్కువ భాగం తక్కువ మొండిదైన మొదటి గ్రేడే అయినా, రెండు, మూడు గ్రేడులవి మామూలు మెనింజియోమాల్లో కన్నా ఎక్కువ. జన్యువుల్లో కూడా తేడా దొరికింది. మామూలువాటిలో కనపడే కొన్ని మార్పులు వీటిలో ఉండవు, దానికి బదులు కొన్నిటిలో ఎన్‌ఎఫ్2 అనే జన్యువు మధ్యకి విరిగి ఎక్కడెక్కడో అతుక్కుని ఉంటుంది. కిరణం డీఎన్‌ఏని తెంపుతుంది, కణం దాన్ని తప్పుగా అతికించుకుంటుంది, ఆ తప్పు అతుకు ఏళ్ళకేళ్ళు నడిచి గడ్డ అవుతుంది. మా కాలంలో ఇదంతా ఎవరికి తెలుసు? మాకు తెలిసిందల్లా జుట్టు ఊడుతుంది, మళ్ళీ వస్తుంది అనే.

మా రోజుల్లో మెనింజియోమా అంటే మనిషి నడవలేని స్థితిలో వచ్చేవాడు. ఫిట్స్, తెల్లవారుజామున తలనొప్పి, వాంతులు, చూపు మసక, ఒక చెయ్యి లాగేయడం. సీటీ స్కాన్ కోసం రాత్రి బస్సెక్కి పట్నం పోవాలి. ఇప్పుడు మండల కేంద్రం దాటితే ఎంఆర్‌ఐ బోర్డు. అందుకని చిన్న చిన్నవి కూడా ముందే కనపడుతున్నాయి. మంచిదే. కానీ మనుషులు ఎలా తయారయ్యారో చూడండి. ఒకావిడ, వేలిగోరంత గడ్డ కనపడిందని, మూడు నెలల్లో మూడు ఆస్పత్రుల్లో మూడు ఎంఆర్‌ఐలు తీయించుకుని నా బల్ల మీద పరిచింది. ఇంకొకాయనకి డాక్టరు ఆరునెలలకి రమ్మంటే ఆరేళ్ళకి వెళ్ళాడు, అప్పటికి కన్ను పోయింది. వీళ్ళిద్దర్నీ ఒక గదిలో కూర్చోబెట్టి మాట్లాడించాలనిపిస్తుంది.

చిన్నది, బాధ పెట్టనిది అయితే కనిపెట్టి ఉండటమే వైద్యం. ఆరు నెలలకో, ఏడాదికో ఒక ఎంఆర్‌ఐ. పాత స్కాన్ పక్కన పెట్టి కొలవాలి. పాత స్కాన్ పారేసుకుని కొత్తది తెస్తే పెరిగిందో లేదో డాక్టరు చేతి గీతలు చూసి చెబుతాడా? రేడియేషన్ వల్ల వచ్చినదైతే మామూలుదానికన్నా కొంచెం దగ్గర దగ్గరగా చూడాలి, ఎందుకంటే పెరిగే గుణం ఎక్కువ. పెరుగుతోందన్నా, లక్షణాలు వచ్చాయన్నా ఆపరేషన్. గడ్డతో పాటు అది పుట్టిన పొర కూడా ఎంత తీశారన్నదాన్ని బట్టి మళ్ళీ వచ్చే అవకాశం ఉంటుందని డొనాల్డ్ సింప్సన్ 1957లోనే లెక్కగట్టి గ్రేడులు పెట్టాడు, ఇప్పటికీ సర్జన్లు ఆ గ్రేడులే చెప్పుకుంటారు.

కరెంటు తగిలిన నెత్తి మీద కత్తి పెట్టడం మాత్రం తేలిక కాదు. ఆ చర్మం పల్చబడి, రక్తం సరిగా ఆడక, కుట్టు మానదు. ఒక్కోసారి కుట్టు విడిపోయి, చీము పట్టి, ఎముక తీసేయాల్సి వస్తుంది. అందుకే అనుభవమున్న న్యూరోసర్జన్ కోత ఎక్కడ పెట్టాలో పాత ఫీల్డు చూసి నిర్ణయిస్తాడు, అవసరమైతే ముందే ప్లాస్టిక్ సర్జన్ని పిలుస్తాడు. పాత ఫీల్డు ఎలా తెలుస్తుంది? కార్డు ఉంటే తెలుస్తుంది. మళ్ళీ అక్కడికే వచ్చాం.

కత్తి అందని చోట ఉంటే, చిన్నదైతే, గామా నైఫ్ అనే కిరణాల కత్తి. ఇక్కడ మా మనవరాలితో నాకు గొడవ. అది న్యూరోసర్జరీ పీజీ చదువుతోంది. ఒకసారి, "తాతయ్యా, మీ కోబాల్ట్ మిషన్లు ఇప్పుడెవరు వాడుతున్నారు, అంతా లీనాక్ మిషన్లే కదా" అంది. నేను, "అమ్మడూ, మీ గామా నైఫ్‌లో ఏముంటుంది?" అన్నాను. ఉండేది కోబాల్టే. స్టాక్‌హోమ్‌లో లార్స్ లెక్సెల్ తయారుచేసిన ఆ యంత్రం పాత మోడల్లో 201 కోబాల్ట్ సోర్సులు, కొత్తదాంట్లో 192. అన్నీ ఒకే చుక్క దగ్గర కలుస్తాయి. మేం ఒక్క సోర్సుతో మొత్తం తల ముంచేవాళ్ళం, వీళ్ళు రెండు వందలతో ఒక బఠాణీని కొడతారు. గొప్పే, ఒప్పుకుంటాను. కానీ సోర్సు నాదే.

"రేడియేషన్ తెచ్చిన గడ్డకి మళ్ళీ రేడియేషనేమిటి తల్లీ?" అని అడిగాను. అది తడుముకోకుండా చెప్పింది: "తాతయ్యా, అప్పుడు తలంతా తడిసింది, అందుకే ఎక్కడపడితే అక్కడ వచ్చింది. ఇప్పుడు గడ్డ అంచు దాటాక డోసు దిగ్గున పడిపోతుంది. ఒకే విడతలో పన్నెండు నుంచి పదిహేను గ్రేలు గడ్డకి. చాలావరకు పెరగడం ఆగిపోతుంది. కాకపోతే పాత డోసు ఎంతో తెలియాలి. చూపు నరం, మెదడు కాడ లాంటివి పాతది ఎంత మోశాయో తెలియకుండా కొత్తది ఎంత పెట్టగలం?" ఇదీ నేను చెప్పిందే కదా! పీజీ సీటుకి పోసిన డబ్బంతా పోసి నా మాటే నాకు వినిపించింది.

ఇది చదివి ఎవరైనా రేపు డాక్టరు రేడియేషన్ అంటే వద్దని లేచి వచ్చేస్తే ఆ పాపం నాకు చుట్టుకుంటుంది. అమెరికాలో చిన్నప్పుడు క్యాన్సరు వచ్చి, తలకి రేడియేషన్ తీసుకుని బతికిన నాలుగు వేలమందికి పైగా మనుషుల్ని వెంట ఉండి చూశారు. ఆ లెక్క 2017లో వచ్చింది. నలభయ్యో ఏటికి నూటికి అయిదారుగురికి మెనింజియోమా వచ్చింది, రేడియేషన్‌కీ దానికీ మధ్య నడిమి కాలం 22 ఏళ్ళు. అంటే నూటికి తొంభై నలుగురికి ఆ వయసుకి రాలేదు. వాళ్ళందరూ నలభయ్యో ఏడు చూసిందే ఆ వైద్యం వల్ల. మెదడు క్యాన్సర్లలో కొన్నిటికి నేటికీ రేడియేషన్ తప్పదు. ఆ లెక్క డాక్టరు వేసి, మీ ముందు పెట్టి, మీతో మాట్లాడాలి. వాట్సాప్‌లో మేనమామ కాదు.

లక్షణాలు లేనివాళ్ళందరికీ ఏటేటా ఎంఆర్‌ఐ తీయాలా అన్నదాని మీద పెద్ద డాక్టర్లే ఒక మాట మీద లేరు. ఏ గడ్డా లేని మనిషికి ఏటా భయం కొనిపెట్టడం కూడా ఒక జబ్బే అంటారు కొందరు. తలనొప్పి తీరు మారినా, కొత్తగా ఫిట్స్ వచ్చినా, చూపు తగ్గినా, చెయ్యీ కాలూ బలం తగ్గినా, 'నాకు చిన్నప్పుడు తలకి రేడియేషన్ ఇచ్చారు' అని మొదటి వాక్యంగా చెప్పాలన్నదాని మీద మాత్రం అందరిదీ ఒకే మాట. గ్యాసు మాత్ర ఇచ్చి పంపే డాక్టరు కూడా ఆ వాక్యం వింటే కుర్చీలో నిటారుగా కూర్చుంటాడు. ముంబయిలో టాటా మెమోరియల్ వాళ్ళు 1991లోనే వైద్యం ముగిసిన పిల్లల కోసం విడిగా ఒక క్లినిక్ పెట్టారు. ఆ పిల్లలు పెద్దవాళ్ళై, పిల్లల్ని కన్నాక కూడా అక్కడికి వెళ్ళొచ్చు. మన దగ్గర చాలాచోట్ల అయిదేళ్ళు గడిస్తే ఫైలు కట్టేసి, 'ఇక రానక్కర్లేదు' అని స్వీట్లు తిని పంపుతారు. స్వీట్లు తినండి, ఎవరు కాదన్నారు? ఆ చేత్తోనే ఒక కాగితం ఇవ్వండి: జబ్బు పేరు, వైద్యం తేదీలు, అప్పటి వయసు, మొత్తం డోసు ఎన్ని గ్రేలు, ఎన్ని విడతలు, తలంతానా ఒక భాగమా, వాడిన మందుల పేర్లు. అర పేజీ పట్టదు.

ఇప్పటికే కార్డు పోగొట్టుకున్నవాళ్ళు మొదట వైద్యం జరిగిన ఆస్పత్రికి వెళ్ళి రికార్డు సెక్షన్లో అర్జీ పెట్టండి. క్లర్కు లేదంటాడు. ఇంకోసారి వెళ్ళండి. రేడియేషన్ విభాగం రిజిస్టర్లు విడిగా ఉంటాయి, మెడికల్ రికార్డులు పోయినా అవి ఒక్కోసారి మిగులుతాయి, అక్కడ కూడా అడగండి. దొరికిన కార్డులో రాడ్లు చూసి కంగారుపడేవాళ్ళు నా దగ్గరికి రావచ్చు, వందతో భాగించి ఇస్తాను. ఫీజు లేదు. సాయంత్రం నాలుగు తరవాత రండి, ముందొస్తే నిద్ర చెడిందని మా ఆవిడ మనిద్దరినీ కలిపి తిడుతుంది.